రోహిణిలో ఒకసారి, హస్తలో ఒకసారి: మిద్దె నీటి గొట్టాల సంరక్షణ, మరమ్మతు



ఈసారి వీడియోలో పంట లేదు, ఆవు లేదు, కషాయం లేదు. మా ఇంటి గోడ వెంబడి మిద్దె మీంచి కిందికి దిగే నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం ఒక్కటే ఉంది. వీడియో తీస్తుంటే పక్కింటాయన చూసి "ఏమన్నా, సేద్యం వదిలేసి ప్లంబరు పని పట్టుకున్నావా?" అని నవ్వినాడు. నవ్వనీలే. ఆ గొట్టం వల్లే రెండేళ్ల కిందట నా విత్తనం పోయింది. అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ఆ ఏడు కార్తీక మాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. చెరువులోకి నాలుగు నీళ్లొస్తాయని చౌడేపల్లెలో అందరం సంతోషపడినాం. మా ఉత్తరపు గదిలో గోడకు ఆనించి వేరుశనగ విత్తనం మూటలు, పక్కన కుండల్లో నాటు అనపగింజలు, రాగులు పెట్టి ఉంటిమి. వాన వెలిసిన వారానికి గదిలో ఒకటే ముక్కిన వాసన. మూటలు కదిలించి చూస్తే గోడ వైపు భాగమంతా తడిసి, కాయల మీద ఆకుపచ్చ బూజు పట్టి ఉంది. బూజు పట్టిన వేరుశనగలో ఆఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు. మనం తినేదానికీ పనికిరాదు, పశువులకు పెట్టేదానికీ లేదు. రెండు మూటలు దూరంగా గుంత తీసి పూడ్చేసినాం. కుండల్లోవి మాత్రం బతికినాయి. మూతల చుట్టూ పేడ మెత్తి ఉండడంతో తేమ లోపలికి పోలేదు.

మిద్దె కారిందనే అనుకున్నాం. మిద్దెకు మందు కొట్టిద్దామని మేస్త్రీని కూడా పిలిచినాం. ఆయన పైకెక్కి చూసి, కిందికి దిగి, గొట్టం జాయింటు దగ్గర గోడ తట్టి చూసినాడు. "మిద్దె బాగానే ఉండాదన్నా. గొట్టాన్ని తలకిందులుగా బిగించినారు, చూడు" అన్నాడు.

గొట్టానికి ఒక కొన వెడల్పుగా గిన్నెలా ఉంటుంది, దాన్ని సాకెట్ అంటారు. అది పైకి చూడాలి. పై గొట్టం సన్న కొన దాంట్లోకి దిగాలి. అప్పుడే నీళ్లు ఒక గొట్టంలోంచి ఇంకోదాంట్లోకి జారతాయి. మా ఇంట్లో సాకెట్ కిందికి చూస్తోంది. చిన్న వానకు ఏమీ తెలియలేదు. గొట్టం నిండుగా పారిన రోజు ప్రతి జాయింటులోంచీ నీళ్లు బయటికొచ్చి గోడ వెంబడి దిగినాయి. ఎనిమిదేళ్లుగా రోజూ ఆ గొట్టం ముందు నుంచే తిరుగుతున్నా, ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

గుంత తవ్వినాం, గొట్టం మరిచినాం

మన రాష్ట్రంలో వాన నీటి గురించి ప్రచారం తక్కువేం జరగలేదు. 2000లో నీరు-మీరు వచ్చింది. ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వినారు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. అయితే ఎక్కడ చూసినా మాటంతా గుంత గురించే. మిద్దె మీద పడిన నీళ్లు ఆ గుంత దాకా చేరాలి కదా! ఊళ్లో ఒకసారి నడిచి చూడండి. గుంత ఒక మూల ఉంటుంది, గొట్టం రెండడుగుల పైనే విరిగి ఉంటుంది, నీళ్లు వీధిలోకి పోతుంటాయి.

ఎన్ని నీళ్లు పోతున్నాయో లెక్క వేసేది తేలిక. ఒక చదరపు మీటరు మిద్దె మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 20 అడుగులకు 30 అడుగుల మిద్దె అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే 1,400 లీటర్లు. మిద్దె పీల్చుకునేది, ఎగిరిపోయేది ఐదో వంతు తీసేసినా 1,100 లీటర్ల పైమాటే. 200 లీటర్ల డ్రమ్ములు ఐదు నింపి జీవామృతం కలుపుకోవచ్చు. బోర్లు ఎంత లోతుకు పోయినాయో, ఎన్ని ఎండినాయో పుంగనూరు, మదనపల్లె, కుప్పం వైపు రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఎప్పుడు చూడాలి?

మనకు రెండు వానాకాలాలు. జూన్ నుంచి నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్యం. చాలామంది గొట్టాన్ని ఏడాదికి ఒకసారి, అదీ జూన్ ముందర చూస్తారు. నా లెక్కలో రెండోసారి చూసేదే ముఖ్యం. నాలుగు నెలలుగా వేపాకు, చింతాకు, దుమ్ము, పిట్ట రెట్ట అన్నీ గొట్టం మూతిలో చేరి ఉంటాయి. ఆ మీదట తుపాను వాన ఒక్కసారిగా పడుతుంది. 2021 నవంబరు మరిచిపోగలమా? 18వ తేదీన తిరుపతి వీధులు ఏరులైనాయి, 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అలాంటి వానకు మిద్దె మీద గొట్టం మూసుకుపోయి ఉంటే పిట్టగోడల మధ్య నీళ్లు చెరువులా నిలబడతాయి. జానెడు నీళ్లు నిలిస్తే చదరపు మీటరుకు రెండు వందల కిలోల బరువు. పాత మిద్దెలకు అది మంచిది కాదు.

అందుకని రోహిణి కార్తెలో ఒకసారి, హస్త కార్తెలో ఇంకోసారి చూసుకోండి. హస్త సెప్టెంబరు ఆఖర్లో వస్తుంది, కాబట్టి ఈశాన్యం రాకముందే పని అయిపోతుంది.

పరీక్ష: నాలుగు బిందెల నీళ్లు

ఎండ కాసే రోజున, గోడ బాగా ఆరి ఉన్నప్పుడు, మిద్దె మీద గొట్టం మూతి దగ్గర ఒకరు నాలుగు బిందెల నీళ్లు గబగబా పోయండి. కింద ఇంకొకరు నిలబడి ప్రతి జాయింటునూ చూడాలి. ఆరిన గోడ మీద తడి మచ్చ వెంటనే కనిపిస్తుంది. కింద నుంచి నీళ్లు ధారగా, ఆగకుండా రావాలి. గుటగుటమని చప్పుడు చేస్తూ ఆగి ఆగి వస్తే మధ్యలో అడ్డం ఉన్నట్టు. గోడ మీద నిలువుగా పాచి గీత, తెల్లగా సున్నం పొంగినట్టు మచ్చ, రంగు ఉబ్బడం, ఇవి కనిపిస్తే అక్కడ ఎప్పటి నుంచో కారుతున్నట్టే.

మిద్దె మీద మూతి చుట్టూ కూడా చూడండి. గొట్టం బాగుండి, గొట్టానికీ సిమెంటుకూ మధ్య చీలిక వస్తే నీళ్లు గొట్టం బయటి వైపు నుంచి గోడలోకి దిగుతాయి. దీన్ని గొట్టం తప్పని అనుకుని గొట్టాలు మార్చిన వాళ్లున్నారు. చీలిన సిమెంటును చెక్కి తీసేసి, బాగా తడిపి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుకతో నీళ్లు కారకుండా వేసే మందు కలిపి పూయించాలి. వాలు మూతి వైపే ఉండాలి. వారం రోజులు తడపాలి. పైన గుండ్రంగా లేచిన జల్లెడ పెట్టండి. చదునుగా ఉండే జల్లెడ మీద రెండు ఆకులు పడితే మూసుకుపోతుంది. పైకి లేచిన దానికి పక్కల నుంచి దారి ఉంటుంది.

అడ్డం తీసేటప్పుడు

ఇనుప కడ్డీతో పొడవద్దు. ఎక్కువ అడ్డాలు ఎల్బో దగ్గరే ఉంటాయి. కడ్డీ తగిలి ఎల్బో పగిలితే ఖర్చు రెట్టింపు. కింది నుంచి హోసు పైపు పెట్టి నీళ్లు పైకి కొట్టండి. కదలకపోతే పై నుంచి తాడుకు గోనెగుడ్డ ముడి కట్టి వదిలి, పైకీ కిందికీ లాగండి. వంపు దగ్గర తలుపు ఉన్న ఎల్బోలు దొరుకుతాయి. తలుపు విప్పి చేత్తో తీసేయొచ్చు. కొత్తగా వేసేవాళ్లు కింది వంపుకు తప్పకుండా అదే వేయించుకోండి. చెయ్యి పెట్టే ముందు కట్టెతో రెండుసార్లు తట్టండి. చల్లగా ఉంటుందని కప్పలు చేరతాయి, కప్పల కోసం పాములు వస్తాయి. మూతి దగ్గర కందిరీగల గూడు ఉందేమో కూడా చూసుకుని నిచ్చెనెక్కండి. కరెంటు తీగలు దగ్గరుంటే నిచ్చెన వేయనే వద్దు.

జాయింటు, క్లాంపు, చీలిక

గొట్టం ఎండకు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. మూడు మీటర్ల గొట్టం 30 డిగ్రీల తేడాకు దాదాపు ఆరు మిల్లీమీటర్లు కదులుతుంది. రబ్బరు రింగు జాయింటులో గొట్టాన్ని పూర్తిగా లోపలికి కుక్కి, ఆపైన ఒక సెంటీమీటరు వెనక్కి లాగి వదలాలి. ఆ సందు లేకపోతే ఎండాకాలంలో గొట్టం విల్లులా వంగి క్లాంపులు ఊడిపోతాయి. రింగు జారేదానికి నూనె, గ్రీజు రాయద్దు. గ్రీజుకు రబ్బరు చెడిపోతుంది. మేము కుంకుడుకాయ రసం రాసినాం, చక్కగా దిగింది. సబ్బు నీళ్లయినా పర్వాలేదు. క్లాంపులు ఒకటిన్నర, రెండు మీటర్లకు ఒకటి ఉండాలి. సాకెట్ కింద ఉన్నదాన్ని గట్టిగా, మధ్యలో ఉన్నదాన్ని గొట్టం జారేంత వదులుగా బిగించాలి.

గొట్టం చీలితే అదే సైజు పాత గొట్టం ముక్కను నిలువుగా సగానికి కోసి, రెండు వైపులా ఉప్పుకాగితంతో గీకి, సాల్వెంట్ పూసి, చీలిక మీద తొడిగి, తీగతో బిగించి ఒక రోజంతా వదిలేయండి. సైకిల్ ట్యూబు సాగదీసి చుట్టేది వాన పడుతున్నప్పుడు చేసే తాత్కాలిక పని. మా ఇంట్లో అలా చుట్టింది రెండేళ్లు ఉండిపోయింది, అది వేరే సంగతి. తెల్లగా పొడి రాలుతూ, గోరుతో తడితే పెళుసుగా మోగే గొట్టానికి మరమ్మతు వద్దు, మార్చేయండి. ఎండకు ప్లాస్టిక్ చచ్చిపోయిందన్నమాట. కొత్తదానికి గోడకు వేసే తెల్ల ఎమల్షన్ రెండు కోట్లు పూస్తే చాలా ఏళ్లు కాపాడుతుంది. వంపు కోసం మంటలో కాల్చి వంచేది కొందరికి అలవాటు. వంచిన చోట గొట్టం పలచబడి అక్కడే పగులుతుంది. ఎల్బో కొనండి.

కొట్లో ఎస్‌డబ్ల్యూఆర్ పైపు అని అడిగితే ఇస్తారు. వాటిలో ఏ రకం వాన నీటికి, బి రకం మరుగుదొడ్డి నీటికి. చెయ్యి అందే ఎత్తులో పశువులు, ట్రాక్టరు తగిలే చోట మాత్రం మందంగా ఉండే బి రకమే వేయించుకుంటే మంచిది. సైజు సంగతి: గంటకు 75 మిల్లీమీటర్ల జోరుతో వాన పడితే 100 మి.మీ. గొట్టం 57 చదరపు మీటర్ల మిద్దెకు, 75 మి.మీ. గొట్టం 27 చదరపు మీటర్లకు సరిపోతుంది. గంటకు 100 మి.మీ. జోరయితే పెద్ద గొట్టం కూడా 43కు మించి మోయలేదు. మా మిద్దెకు అందుకే రెండోది వేయించినాం. ఒకటి మూసుకుపోయినా ఇంకొకటి ఉంటుంది.

రేకుల ఇళ్ల వాళ్లకు దోనె ముఖ్యం. మూడు మీటర్లకు ఒకటిన్నర సెంటీమీటరు వాలు చాలు. సిమెంటు రేకులను ఇనుప బ్రష్షుతో రుద్ది కడగొద్దు. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

కింద దిగిన తర్వాత

నీళ్లు నేరుగా నేల మీద పడితే పునాది పక్కన గుంత పడుతుంది. కింద ఒక బండ వేయండి. గొట్టాన్ని భూమిలోకి దించితే వేప, రావి మొక్కల వేళ్లు దూరకుండా ఏడాదికోసారి చూసుకోవాలి.

ట్యాంకుకు పట్టుకునేవాళ్లు మొదటి వాన నీళ్లను పక్కకు తీయాలి. దుమ్ము, రెట్ట అంతా దాంట్లోనే ఉంటుంది. మొదటి ఒక మిల్లీమీటరు తీసేస్తే 56 చదరపు మీటర్ల మిద్దెకు 56 లీటర్లు. నాలుగంగుళాల గొట్టం మీటరుకు ఎనిమిది లీటర్లే పడుతుంది, కాబట్టి గొట్టం ముక్క చాలదు. ట్యాంకుకు పోయే దారిలో ఒక టీ పెట్టి, దాని కింద 60 లీటర్ల డ్రమ్ము బిగించండి. ముందు డ్రమ్ము నిండుతుంది, ఆ తర్వాతి నీళ్లు ట్యాంకుకు పోతాయి. డ్రమ్ములో నీళ్లు పారబోయొద్దు, పెరట్లో అరటికి, కరివేపకు పోయండి.

ట్యాంకులో నీళ్లను మేము జీవామృతానికి, బీజామృతానికి వాడుతున్నాం. పంచాయతీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే సూక్ష్మజీవులకు దెబ్బ, వాన నీటిలో ఆ బెడద లేదు. బోరు నీళ్ల ఉప్పుకు డ్రిప్పు రంధ్రాలు మూసుకుపోతుంటాయి. అక్కడా ఈ నీళ్లు వడకట్టి వాడితే తేడా తెలుస్తుంది. తాగేదానికి మాత్రం ఇలా నేరుగా వాడొద్దు. ట్యాంకు మూతకు, పొర్లు గొట్టానికి సన్న జాలి కట్టండి, లేకపోతే వారంలో దోమలు.

డ్రమ్ము అడుగున కుళాయి పెట్టించుకోండి. వాన వెలిసిన ప్రతిసారీ దాన్ని విప్పి ఖాళీ చేయాలి. మొన్న మేమే మరిచిపోయినాం. తర్వాతి వానకు మిద్దె మీది మురికంతా నేరుగా ట్యాంకులోకి పోయింది. ట్యాంకు కడిగేది వీడియో చివర్లో ఉంది, చూడండి.