నిద్ర కోసం 'సీబీఎన్': గంజాయిలోని ఈ పదార్థం గురించి నిజంగా తెలిసింది ఎంత?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో రాత్రి పన్నెండు దాటాక ఫోన్‌లో 'నిద్ర పట్టడం లేదు' అని వెతికేవారికి మెలటోనిన్ మాత్రలు, అశ్వగంధతో పాటు ఈమధ్య ఇంకో సరుకు కూడా కనిపిస్తోంది. 'విజయ' ఆకు సారంతో చేసిన నూనె చుక్కలు, నమిలే గమ్మీలు. విజయ అనేది గంజాయి మొక్కకు ఆయుర్వేదంలో ఉన్న పేర్లలో ఒకటి. అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగులు లక్షల్లో ఉన్న నగరాల్లో నిద్రకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

ఈ ప్రకటనల్లో సీబీడీ అనే మాట చాలామందికి ఇప్పటికే పరిచయం. దాని వెనకాలే సీబీఎన్ అనే మరో పేరు వచ్చింది. పూర్తి పేరు కానబినాల్. 'మత్తు ఉండదు, నిద్ర మాత్రం వస్తుంది, చట్టబద్ధమే' అన్నది దాని మీద వినిపించే మాట. ఈ మూడింటిలో ఏదీ అంత సూటిగా చెప్పగలిగేది కాదు.

పాతబడితే పుట్టేది

గంజాయి మొక్కలో వందకు పైగా కానబినాయిడ్లు ఉన్నట్టు గుర్తించారు. వాటిలో మత్తు కలిగించేది ప్రధానంగా టీహెచ్‌సీ. సీబీఎన్‌ను మొక్క నేరుగా తయారు చేసుకోదు. కోసిన గంజాయికి గాలి, వెలుతురు, వేడి తగిలేకొద్దీ అందులోని టీహెచ్‌సీ ఆక్సీకరణ చెంది సీబీఎన్‌గా మారుతుంది. పచ్చి మొక్కలో ఇది లేనట్టే. మూలన పడి ఉన్న సరుకులో పెరుగుతూ పోతుంది.

అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో దీన్ని లెక్కగట్టారు. మామూలు గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచిన గంజాయిలో మొదటి ఏడాదికి సుమారు 17 శాతం, నాలుగేళ్లకు సుమారు 41 శాతం టీహెచ్‌సీ తగ్గిపోయింది. అది తగ్గేకొద్దీ సీబీఎన్ పెరిగింది. అందుకే ఈ రెండింటి నిష్పత్తిని బట్టి సరుకు ఎంత పాతదో అంచనా వేస్తారు. చైనాలోని షిన్‌జియాంగ్‌లో యాంఘాయ్ సమాధుల్లో దొరికిన సుమారు 2,700 ఏళ్ల నాటి గంజాయిని పరీక్షించినప్పుడు ప్రధానంగా మిగిలి ఉన్నది కూడా సీబీఎనే.

'పాత గంజాయి తాగితే నిద్ర ముంచుకొస్తుంది' అనే నమ్మకం వాడేవారిలో చాలాకాలంగా ఉంది. నిద్రమందుగా సీబీఎన్‌కు వచ్చిన పేరుకు మూలం చాలావరకు ఇదే. అయితే పాతబడిన సరుకులో మారేది ఒక్క సీబీఎన్ మోతాదే కాదు. వాసననిచ్చే టెర్పీన్లు ఆవిరైపోతాయి, టీహెచ్‌సీ తగ్గినా కొంత మిగిలే ఉంటుంది. నిద్ర వాటిలో దేనివల్ల వచ్చిందో తాగినవారికి తెలిసే వీలు లేదు.

భారతీయ చరస్ నుంచి కేంబ్రిడ్జికి

కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్నారు గానీ, గంజాయిలో శాస్త్రవేత్తలు మొట్టమొదట వేరుచేసిన కానబినాయిడ్ ఇదే. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడేవారికి పెద్ద హాని కనిపించలేదని, పూర్తి నిషేధం అవసరం లేదని ఆ కమిషన్ తేల్చింది. రెండేళ్లకు, 1896లో, కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు రసాయన శాస్త్రవేత్తలు భారతీయ గంజాయి బంక మీద తమ పరిశోధనను ప్రచురించారు. ఆ పత్రం పేరులోనే 'చరస్' అనే మాట ఉంది. అందులోంచి తీసిన ఎర్రటి నూనెలోని పదార్థానికి కానబినాల్ అని పేరు పెట్టారు.

గంజాయి మత్తుకు కారణం అదేనని అప్పట్లో అనుకున్నారు. పొరపాటు. 1940 ప్రాంతంలో అమెరికాలో రోజర్ ఆడమ్స్, ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ టాడ్ బృందాలు దాని నిర్మాణాన్ని తేల్చి, కృత్రిమంగా తయారు చేసేసరికి అసలు మత్తు దానిది కాదని స్పష్టమైంది. ఆ అసలు పదార్థమైన టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో గావొనీ, మెషూలం శుద్ధ రూపంలో వేరుచేశారు. ఆ తర్వాత పరిశోధన నిధులన్నీ అటే వెళ్లాయి. మూర్ఛ రోగాల్లో పనికొస్తుందని తేలాక సీబీడీ వంతు వచ్చింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, మొదట దొరికిన సీబీఎన్ దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. దానిపై మనుషుల్లో జరిగిన పరిశోధనలు ఇంత తక్కువగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

నిద్ర సంగతి ఏమిటి?

1975లో కార్నియోల్ బృందం ప్రచురించిన ప్రయోగాన్ని ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. అందులో పాల్గొన్నది ఐదుగురు మగవాళ్లు. సీబీఎన్ ఒక్కటే ఇచ్చినప్పుడు వారికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. టీహెచ్‌సీతో కలిపి ఇచ్చినప్పుడు మగత పెరిగింది. అంటే ఐదుగురి మీద జరిగిన ఆ ప్రయోగం కూడా సీబీఎన్ ఒంటరిగా నిద్ర తెస్తుందని చెప్పలేదు. 2021లో జేమీ కరూన్ పాత పరిశోధనలన్నీ సమీక్షించి, నిద్ర గురించిన ప్రచారానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు.

ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది. నిద్ర సరిగా పట్టడం లేదని చెప్పిన సుమారు 300 మందిపై అమెరికాలో జరిగిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. కొందరికి ఏడు రాత్రులు 20 మిల్లీగ్రాముల సీబీఎన్, కొందరికి దానితో పాటు సీబీడీ, మిగతావారికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో పాల్గొన్నవారికి తెలియదు. సీబీఎన్ తీసుకున్నవారు మధ్యరాత్రి మెలకువ రావడం తగ్గిందని చెప్పారు. కానీ త్వరగా నిద్ర పట్టడంలో తేడా లేదు. పగటి అలసటా తగ్గలేదు. సీబీడీ కలపడం వల్ల అదనపు లాభం కనిపించలేదు. 'సీబీడీ ప్లస్ సీబీఎన్' అని రెండు పేర్లు కలిపి ఎక్కువ ధరకు అమ్మే సరుకు విషయంలో ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోదగ్గది. నిద్రను పరికరాలతో కొలవలేదు, పాల్గొన్నవారు చెప్పినదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. పరిశోధకులకు గంజాయి ఉత్పత్తుల పరిశ్రమతో సంబంధాలు ఉన్నాయన్నదీ మరవకూడదు.

2024లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల మెదడు తరంగాలను కొలిచి, సీబీఎన్ ఇచ్చాక వాటి నిద్ర పెరిగిందని చూపించారు. ఇందులో ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. శరీరం సీబీఎన్‌ను విరగ్గొట్టినప్పుడు తయారయ్యే మరో పదార్థం, టీహెచ్‌సీ పనిచేసే మెదడు గ్రాహకాల మీదే పనిచేస్తోంది. సీబీఎన్ కూడా ఆ గ్రాహకాలకు అతుక్కుంటుంది, కాకపోతే టీహెచ్‌సీ కన్నా బాగా బలహీనంగా. 'మత్తు అసలే ఉండదు' అనే మాటను ఎంత మోతాదుకు అని అడగకుండా నమ్మలేమనడానికి ఇదే ఆధారం. అదే బృందం నిద్రలేమి ఉన్న 20 మందిపై 30, 300 మిల్లీగ్రాముల మోతాదులతో ప్రయోగానికి ప్రణాళిక ప్రచురించింది. 20కీ 300కీ మధ్య ఉన్న దూరం చూస్తే సరైన మోతాదు ఏదన్నది ఇంకా వెతుకులాటలోనే ఉందని అర్థమవుతుంది.

నొప్పి, వాపు, కంటిలో ఒత్తిడి, బ్యాక్టీరియా మీద ప్రభావం వంటి వాటిపై జరిగినవి దాదాపు అన్నీ ప్రయోగశాల, జంతు పరిశోధనలే.

చట్టం చూసేది అణువును కాదు, మొక్క భాగాన్ని

భారత్‌లో అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి మొక్కను భాగాలుగా విడదీసి చూస్తుంది. బంక చరస్. పూత, కాయ ఉన్న కొనలు గంజా. ఈ రెండూ, వీటితో చేసిన మిశ్రమాలూ నేరం. కొనలతో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భాంగ్ రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు ఉన్న భాంగ్ దుకాణాలే ఉన్నాయి. నోయిడా, గాజియాబాద్ ఆ రాష్ట్రంలోవే. యమున దాటి ఢిల్లీలోకి వస్తే నిబంధనలు వేరు.

గింజది ఇంకో దారి. ఢిల్లీ కోట్లా రోడ్డులో ప్రధాన కార్యాలయం ఉన్న ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబరులో హెంప్ గింజలు, వాటి నూనె, పిండిని ఆహారంగా అనుమతించింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు మించకూడదు. సీబీడీ కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ చివరి అంకెను కాస్త లెక్కవేసి చూడాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అరుదైన మూర్ఛ రోగాలకు ఆమోదించిన సీబీడీ మందును సాధారణంగా శరీర బరువు కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల వరకు పెంచుతారు. 60 కిలోల మనిషికి 600 మిల్లీగ్రాములు. సూపర్‌మార్కెట్‌లో దొరికే హెంప్ గింజల నూనె నుంచి అంత సీబీడీ రావాలంటే రోజుకు కనీసం 8 కిలోల నూనె తాగాలి. గింజల నూనె మంచి ఆహారమే కావచ్చు, 'సీబీడీ ఆయిల్' మాత్రం కాదు. ఈ రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి అమ్మినప్పుడు కొనేవారు తికమకపడటంలో వింత లేదు.

మందుగా అమ్మే విజయ ఉత్పత్తులు ఆయుర్వేద లైసెన్సు దారిలో వస్తాయి. భాంగ్ కలిసే జాతీఫలాది చూర్ణం లాంటి ఔషధాలు శాస్త్రీయ గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఈ(1) దీన్ని విషపదార్థాల జాబితాలో చేర్చింది. అందుకే సీసా మీద 'వైద్య పర్యవేక్షణలోనే వాడాలి' అనే హెచ్చరిక తప్పనిసరి.

ఇప్పుడు సీబీఎన్ దగ్గరికి వస్తే, అది పుట్టేది టీహెచ్‌సీ నుంచి. టీహెచ్‌సీ ఎక్కువగా ఉండేది పూతలో, బంకలో. వాటిని చట్టం ముట్టుకోనివ్వదు. ముట్టుకోనిచ్చే ఆకులో టీహెచ్‌సీ తక్కువ, కాబట్టి సీబీఎన్ కూడా తక్కువే రావాలి. విదేశాల్లో వ్యాపారానికి కావలసిన సీబీఎన్‌ను చాలావరకు సీబీడీ నుంచి రసాయన చర్యలతో తయారు చేస్తారు. అలా తయారైనది ఆకు సారం కిందికి వస్తుందా, ఆయుర్వేద మందు అనిపించుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. లేబుల్ మీద సీబీఎన్ అని రాసి ఉంటే అది ఎక్కడినుంచి, ఎలా వచ్చిందని కంపెనీని అడగడం కొనేవారి హక్కు.

తెలుగు పాఠకులకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. విశాఖ ఏజెన్సీలో ఇదే మొక్కను సాగు చేసినవారిపై, మోసినవారిపై కేసులు పడ్డాయి. 'ఆపరేషన్ పరివర్తన'లో వేల ఎకరాల తోటలు ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టారు. 20 కిలోలు దాటిన గంజాయితో దొరికితే శిక్ష పదేళ్ల జైలుతో మొదలవుతుంది. అదే మొక్క ఆకు నుంచి తీసిన చుక్కలు రాజధానిలో కొరియర్‌లో ఇంటికొస్తాయి. ఈ చట్టంలో గంజాయిని ప్రమాదకర మత్తుమందుల సరసన చేర్చడాన్ని ప్రశ్నిస్తూ గ్రేట్ లీగలైజేషన్ మూవ్‌మెంట్ ఇండియా ట్రస్ట్ 2019లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్ల తేడాతో గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తప్పించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటు వేసింది. దానివల్ల మన చట్టం మాత్రం మారలేదు.

లేబుల్‌ను ఎంతవరకు నమ్మాలి?

అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షించి 2017లో జామా పత్రికలో ఫలితాలు ప్రచురించారు. లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి మూడింట ఒక వంతు లోపే. లెక్కలో లేని టీహెచ్‌సీ 18 ఉత్పత్తుల్లో బయటపడింది. ఆ బ్యాచ్‌కు స్వతంత్ర ప్రయోగశాల ఇచ్చిన నివేదిక, అందులో సీబీఎన్‌తో పాటు టీహెచ్‌సీ ఎంతుందన్న అంకె లేని సరుకు కొనడం చీకట్లో చెయ్యి పెట్టడమే.

మందుల మధ్య పొత్తు కుదరకపోవడం ఇంకో సమస్య. సీబీడీ కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములను అడ్డుకుంటుంది. రక్తం పలచబడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్ వంటివి ఒంట్లో పేరుకుపోవచ్చు. సీబీఎన్ విషయంలో ఇంత వివరంగా పరిశోధన జరగలేదు. ఇప్పటికే నిద్రమాత్రలు, మానసిక సమస్యలకు మందులు వాడేవారు, గర్భిణులు సొంత నిర్ణయంతో దీని జోలికి వెళ్లకపోవడం మేలు. ఆయుర్వేద వైద్యుడి దగ్గరకు వెళ్లినా వాడుతున్న అల్లోపతి మందుల చీటీ చూపించాలి. వాడకం అలవాటుగా మారిందనిపిస్తే ఎన్‌సీఆర్‌లో సాయం దూరంలో లేదు. గాజియాబాద్‌లో ఎయిమ్స్ నడిపే జాతీయ మాదకద్రవ్యాల చికిత్స కేంద్రం ఉంది. 2019లో ప్రకటించిన జాతీయ సర్వేను నడిపింది కూడా అదే. భాంగ్‌తో కలిపి గంజాయి ఉత్పత్తులు వాడేవారు దేశంలో సుమారు 3.1 కోట్ల మంది ఉన్నారని, వారిలో 72 లక్షల మందికి ఏదో ఒక సహాయం అవసరమని ఆ సర్వే అంచనా వేసింది.

ఉద్యోగాల్లో డ్రగ్ పరీక్షలు ఎదుర్కొనేవారికి మరో చిక్కు. డీజీసీఏ 2022 జనవరి 31 నుంచి పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు ముందు చెప్పకుండా పరీక్షలు చేయిస్తోంది. వెతికే మత్తుపదార్థాల్లో గంజాయి ఒకటి. కొన్ని ప్రాథమిక మూత్ర పరీక్షలు సీబీఎన్‌ను కూడా గంజాయి కిందే పట్టుకుంటాయని అమెరికా ప్రయోగశాలలు గమనించాయి. తర్వాత చేసే నిర్ధారణ పరీక్షలో ఆ తేడా తెలుస్తుంది. అయితే నిద్ర చుక్కల సీసాలో లేబుల్ చెప్పని టీహెచ్‌సీ కాస్త ఉంటే, నిర్ధారణ పరీక్ష కూడా దాన్ని గంజాయిగానే చూపిస్తుంది.