జాతీయ విద్యా విధానం 2020 – మనకు ఒరిగేదేమిటి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని అడిగినప్పుడు మేము ఈ అంశాన్నే ఎంచుకున్నాం. పోటీ పరీక్షలకు తయారయ్యే అన్నల నోట్సు తీసి చూడండి, అందులో జాతీయ విద్యా విధానం తప్పకుండా ఉంటుంది. కస్తూరి రంగన్ కమిటీ, 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గ ఆమోదం, 10+2 పోయి 5+3+3+4 రావడం. బిట్టు పేపరుకు అంతవరకు చాలు. కానీ ఆ విధానంలో మన గురించే ఒక అధ్యాయం ఉంది. దళితులు, గిరిజనులు, వలస కూలీల పిల్లలు, ఆడపిల్లలు, మారుమూల ఊళ్ళవాళ్ళు అని పేరుపేరునా చెప్పి మరీ రాశారు. మన గురించి ఎవరో ఏదో రాసినప్పుడు, అందులో ఏముందో మనం చదువుకోవడం న్యాయం కదా.

ముందుగా కొంచెం చరిత్ర. స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి ఇది మూడో విద్యా విధానం. కొఠారీ కమిషన్ (1964–66) నివేదిక ఆధారంగా 1968లో మొదటిది, 1986లో రెండోది వచ్చాయి. ఆ రెండోదానికి 1992లో సవరణలు జరిగాయి. 1986 నాటి విధానం తయారైనప్పుడు కేంద్ర మానవ వనరుల మంత్రి మన తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు గారే. అంతకుముందు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ఆయన గురుకుల పాఠశాల పెట్టించారు. పల్లె పిల్లవాడికి భోజనం, పడక, పుస్తకం ఒకేచోట దొరికితే పట్నం పిల్లవాడితో సమానంగా చదవగలడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. నవోదయ విద్యాలయాలు అదే ఆలోచనను దేశమంతటికీ తీసుకుపోయాయి. మన ఉమ్మడి మెదక్ జిల్లా నవోదయ వర్గల్‌లో ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి ఎంత దూరమో బస్సెక్కినవాళ్ళకు తెలుసు.

2020 విధానం తన పునాదిగా అయిదు మాటలు చెప్పుకుంది: అందుబాటు, సమానత, నాణ్యత, భరించగలిగే ఖర్చు, జవాబుదారీతనం. వీటిమీద కట్టిన లక్ష్యాలు పెద్దవి. 2030 నాటికి ప్రీ-స్కూలు నుంచి ఇంటర్ స్థాయి దాకా నూటికి నూరు శాతం నమోదు ఉండాలి. ఉన్నత విద్యలో 2018లో 26.3 శాతంగా ఉన్న నమోదు 2035 నాటికి 50 శాతం కావాలి. మూడో తరగతి పిల్లలందరికీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు వచ్చి తీరాలి. ఈ చివరిదానికి విధానం పెట్టుకున్న గడువు 2025. 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ఆ గడువును 2026–27కు జరిపింది. ఆరో తరగతి నుంచి చేతిపనుల పరిచయం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా బడికి రావడం వంటివి కూడా ఉన్నాయి. వడ్రంగం, కుండలు చేయడం పుస్తకంలో కొత్త కావచ్చు, మన వాడల్లో కొత్తేమీ కాదు. వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు.

మన అధ్యాయానికి వద్దాం. అది ఆరో అధ్యాయం. 2016–17 లెక్కల ప్రకారం దేశంలో ప్రాథమిక స్థాయి విద్యార్థుల్లో ఎస్సీలు 19.6 శాతం ఉంటే, ఇంటర్ స్థాయికి వచ్చేసరికి 17.3 శాతమే మిగిలారని ఆ విధానమే ఒప్పుకుంది. ఎస్టీలైతే 10.6 శాతం నుంచి 6.8 శాతానికి పడిపోయారు. అంటే చిన్న బడిలో వెయ్యిమంది కూర్చుంటే వాళ్ళలో 106 మంది గిరిజన పిల్లలు. ఇంటర్ క్లాసులో వెయ్యిమందిని లెక్కపెడితే 68 మందే. మన ప్రాంతంలో ఈ లెక్కకు కాగితాలు అక్కరలేదు. దసరా, దీపావళి దాటగానే తండాల నుంచి, పల్లెల నుంచి కుటుంబాలు చెరుకు కొట్టడానికి కర్ణాటక, మహారాష్ట్ర ఫ్యాక్టరీల వైపు బండ్లు కట్టుకుని పోతాయి. ఉగాదికో, ఇంకా ఆలస్యంగానో తిరిగి వస్తాయి. అమ్మానాన్నల వెంట పోయిన పిల్లవాడు అర్ధసంవత్సర పరీక్షలు రాయడు. వచ్చాక తన పేరు రిజిస్టరులో ఉన్నా చదువు మాత్రం తప్పిపోయి ఉంటుంది. వలస కూలీల పిల్లలకు ప్రత్యామ్నాయ విద్యా కేంద్రాలు పెట్టాలని విధానంలో ఉంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో వలస ప్రాంతాల్లో సీజనల్ హాస్టళ్ళు నడిచాయి కాబట్టి ఇది చేయలేని పనేమీ కాదు.

హాస్టళ్ళ గురించి కూడా ఒక వాక్యం ఉంది, ప్రతి హాస్టల్ విద్యార్థీ గుర్తుపెట్టుకోవలసిన వాక్యం. దూరం నుంచి రావలసిన పిల్లలకు, ముఖ్యంగా పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు, జవహర్ నవోదయ విద్యాలయాల ప్రమాణంతో ఉచిత వసతి కల్పించాలని, అందులో ఆడపిల్లల భద్రతకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని దాని సారాంశం. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలను పన్నెండో తరగతి వరకు పెంచాలని కూడా ఉంది. నవోదయ ప్రమాణం అంటే ఏమిటో అక్కడ చదివిన స్నేహితులను అడగండి: మంచం, పరుపు, లైబ్రరీ, ఆటస్థలం, క్యాంపస్‌లోనే ఉండే ఉపాధ్యాయులు. మన రాష్ట్రంలో 2024 చివరలో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది, ఎనిమిది నుంచి పది వరకు 1,100 ఉన్నది 1,540 అయింది, ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 ఉన్నది 2,100 అయింది. మంచిదే. అయినా 1,540ని 30తో భాగించి చూడండి. మూడు పూటల తిండికి రోజుకు 51 రూపాయలు. ప్రమాణం అన్న మాటను ఇలా భాగహారం చేసి చూడడం మనం నేర్చుకోవాలి.

ఇక భాష. ఈ విధానంలో అందరూ ఎక్కువగా వాదించుకున్నది దీని మీదే. వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది దాకా, ఆ పైన కూడా ఇంటి భాషలో, మాతృభాషలో లేదా ప్రాంతీయ భాషలో బోధించాలని విధానం అంటుంది. శాస్త్రపరంగా దీన్ని కాదనలేం. తెలిసిన భాషలోనే పసివాడికి అర్థమవుతుంది. అయితే నారాయణఖేడ్‌లో ఇంటి భాష అంటే ఏది? కర్ణాటక సరిహద్దు కాబట్టి కొందరి ఇంట్లో కన్నడం, కొందరి ఇంట్లో మరాఠీ, తండాల్లో లంబాడీ, టౌనులో ఉర్దూ. మన డార్మిటరీలో ఒక వరుస మంచాల మీదే ఈ భాషలన్నీ వినబడతాయి. తండా పిల్లవాడికి తెలుగే రెండో భాష. అతనికి తెలుగు మీడియం కూడా ఒక రకంగా పరాయి మీడియమే. ఈ సంగతి హైదరాబాదులో మాతృభాష మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలకు తొందరగా తట్టదు.

ఇంకో వైపు చూస్తే, తెలంగాణ ప్రభుత్వం 2022–23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. మా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాం. డబ్బున్నవాళ్ళ పిల్లలు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదువుతుంటే, మాతృభాషను కాపాడే బాధ్యత ప్రభుత్వ బడి పిల్లల మీద మాత్రమే పెట్టడం అన్యాయం. డిగ్రీ దాకా తెలుగులో చదివి పీజీ క్లాసులో కూర్చున్న మొదటి నెలలు ఎలా ఉంటాయో మాకు తెలుసు. అలాగని మూడో తరగతి పిల్లవాడు అర్థం కాని ఇంగ్లీషు పాఠాన్ని బట్టీ పట్టడం కూడా చదువు కాదు. చిన్న తరగతుల్లో లంబాడీ, కన్నడం తెలిసిన టీచరు ఉండి, ఇంటి భాష నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు చేయిపట్టి నడిపిస్తే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. స్థానిక భాషలు వచ్చిన ఉపాధ్యాయులను నియమించుకోవాలని విధానం కూడా అంటుంది. పోస్టులు నింపితేనే అది జరిగేది.

చిన్న బడుల సంగతి క్లుప్తంగా చెబుతాం. 2016–17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయని చూపించి, దగ్గరి బడులను కలిపి స్కూల్ కాంప్లెక్సులుగా నడపాలని విధానం సూచించింది. బడులను కలిపేటప్పుడు పిల్లలకు అందుబాటు తగ్గకూడదన్న షరతు కూడా పెట్టింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవో కింద మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు రోడ్డెక్కారు. 2025లో తర్వాతి ప్రభుత్వం ఆ జీవోను వెనక్కు తీసుకుంది. తండా బడి మూతపడితే వాగు దాటి పోవలసింది ఏడేళ్ళ పిల్ల. కాబట్టి షరతు అమలవుతుందా లేదా అన్నదే మనకు ముఖ్యం.

డిగ్రీలో చేరబోయే వాళ్ళు బాగా ఆలోచించవలసిన విషయం వేరే ఉంది. కొత్త పద్ధతిలో డిగ్రీ మధ్యలో ఆపినా చేతికి ఏదో ఒకటి వస్తుంది. మొదటి ఏడాదికి 40 క్రెడిట్లు, దాంతోపాటు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్. రెండేళ్ళకు 80 క్రెడిట్లతో, అదే రకం వేసవి కోర్సుతో డిప్లొమా. మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఆన్‌లైన్ ఖాతాలో ఏడేళ్ళ వరకు నిల్వ ఉంటాయి. ఆపినవాళ్ళు మూడేళ్ళలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్ళలో పూర్తి చేయాలి.

వినడానికి ఇది మనకోసమే చేసినట్టుంది. నిజంగానే మన సీనియర్లలో రెండేళ్ళు డిగ్రీ చదివి, నాన్నకు ఒంట్లో బాగాలేక ఆపేసి, చివరికి ఇంటర్ పాసైనవాళ్ళుగానే మిగిలినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ రెండేళ్ళ కష్టానికి అప్పట్లో ఏ విలువా దక్కలేదు. ఈ పద్ధతి ఉంటే దక్కేది. కానీ మధ్యలో ఎవరు ఆపుతారు? ఆస్తి ఉన్నవాడు ఆపడు. కూలికి పోవలసినవాడు ఆపుతాడు, పెళ్ళి కుదిరిన అమ్మాయి ఆపుతుంది. మన ఊళ్ళల్లో ఇంటర్ అయిన ఆడపిల్లకు సంబంధం వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒకే ఒక్క వాదన ఉండేది: మధ్యలో ఆపితే ఏమీ రాదు, మూడేళ్ళు పూర్తి చేయనివ్వండి. ఆ మాట మీద ఎన్నో ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు రెండేళ్ళు ఆగాయి. ఆ రెండేళ్ళలో అమ్మాయి డిగ్రీ అయిపోయింది, కొందరికి ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు ఏడాదికే సర్టిఫికెట్ వస్తుందంటే, సర్టిఫికెట్ వచ్చింది కదా బిడ్డా, ఇక చాలు అనే మాట వెంటనే వస్తుంది. బయటికి పోవడానికి తలుపు తీసినవాళ్ళు ఆమె చేతిలోని గడియను కూడా తీసేసుకున్నారు.

తిరిగి రావచ్చు కదా అనవచ్చు. క్రెడిట్లు ఏడేళ్ళు దాస్తామన్నారు గానీ, మూడేళ్ళ తర్వాత తిరిగొచ్చిన విద్యార్థికి హాస్టల్ సీటు దాస్తామని విధానంలో ఎక్కడా లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ ఛార్జీలు మళ్ళీ మొదలవుతాయన్న హామీ కూడా అందులో కనబడదు. మనలాంటివాళ్ళకు చదువంటే సీటు ఒక్కటే కాదు. సీటు, మంచం, అన్నం, స్కాలర్‌షిప్ కలిస్తేనే చదువు. ఈ నాలుగూ తిరిగి దొరికితేనే తిరిగి రావడం అన్న మాట నిజమవుతుంది. ఆడపిల్లల కోసం విధానం ప్రతిపాదించిన జెండర్ ఇన్‌క్లూజన్ ఫండ్‌ను దీనికి వాడవచ్చు. విద్యార్థి సంఘాలు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని మా నమ్మకం.

విధానంలో రిజర్వేషన్ల మాట లేదన్న విమర్శ కూడా వచ్చింది. రాజ్యాంగంలోని 15, 16 అధికరణాల ప్రకారం అవి యథాతథంగా కొనసాగుతాయని కేంద్రం వివరణ ఇచ్చింది. నిజమే, విధానం అనేది చట్టం కాదు, రాజ్యాంగాన్ని మార్చలేదు. ఆ మాటకు రెండో వైపు కూడా ఉంది: చట్టం కాదు కాబట్టి, అమలు చేయలేదని కోర్టుకు పోవడమూ తేలిక కాదు. మూడు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా అందరికీ విద్య అని విధానం అంటుంటే, 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దగ్గరే ఉంది. పద్నాలుగు దాటాకనే కదా మనవాళ్ళు జారిపోయేది.

డబ్బు విషయానికొస్తే, జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ చెప్పింది, 1968 విధానం చెప్పింది, 1986 విధానం చెప్పింది, 2020 విధానమూ చెప్పింది. 2017–18 లెక్కల ప్రకారం అది 4.43 శాతమేనని ఆ విధానంలోనే రాసి ఉంది. మా తాతల కాలంలో ఇచ్చిన మాట మా దాకా అప్పుగానే వచ్చింది.

చివరగా, ఈ ఏడు పదో తరగతిలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వెంటనే చేసుకోవలసిన పని ఒకటుంది. రేపు క్రెడిట్ల ఖాతా డిజిలాకర్ ద్వారా తెరవాలన్నా, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలన్నా, ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో కలవాలి. మన పిల్లల పేర్లు బడిలో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా ఉండడం మామూలే. తండ్రి పేరు చివర రాథోడ్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. మెమో వచ్చాక దిద్దించాలంటే హైదరాబాదు దాకా తిరగాలి. నామినల్ రోల్స్ పంపేముందు హెడ్మాస్టరు గారి దగ్గర కూర్చుని, ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పుంటే సవరణ అప్పుడే రాయించండి.