పొగ గొట్టంలో పెళ్ళిళ్ళ పేరయ్య

పొన్నూరులో గుంటూరు-బాపట్ల రోడ్డు పక్కన ఒక్క పది నిమిషాలు నిలబడండి. మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు, లారీలు! వాటి పొగ అంతా మనమే పీల్చాలి కదా? అందులో ఏముందో చూద్దాం.

ఇంజనులో పెట్రోలు పూర్తిగా మండదు. అరకొరగా మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు, వాసన లేని ఈ విషవాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. మండని హైడ్రోకార్బన్లు, ఇంజను వేడికి ఏర్పడిన నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పొగతో వస్తాయి.

వీటికి విరుగుడే కాటలిటిక్ కన్వర్టర్. ఇది పొగ దారిలో అమర్చిన ఉక్కు డబ్బా. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల పూత ఉంటాయి. ఈ లోహాలు ఉత్ప్రేరకాలు. పెళ్ళిళ్ళ పేరయ్య ఇరుపక్షాలనూ కలిపి, తాను మాత్రం ఎప్పటిలాగే ఉంటాడు చూడండి! ఇవీ అంతే. చర్యను త్వరగా జరిపిస్తాయి, తాము ఖర్చు కావు. విషవాయువులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి.

అయితే, సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కేదాకా ఈ పేరయ్య సరిగా పనిచేయడు. అందుకే మూసిన గదిలో బండిని ఎన్నడూ స్టార్టు చేసి ఉంచకండి. ప్రాణాపాయం!

సీసం ఈ లోహాలకు పరమ శత్రువు. పూతపై పేరుకొని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే 1995లో మన దేశపు నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసినప్పుడు, సీసం లేని పెట్రోలు కూడా తెచ్చారు. 2000 నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది.

మరి మీ ఇంటి బండికి కొత్త కన్వర్టర్ కావలసి వస్తే? ముందు పాతది ఎందుకు పాడయిందో తెలుసుకోండి. ప్లగ్గు సరిగా మండకపోతే మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి దిమ్మను కరిగిస్తుంది. ఇంజను ఆయిల్ కాలితే పూత మూసుకుపోతుంది. ఆ లోపం సరిచేయకుండా కొత్తది బిగిస్తే డబ్బు దండగే.

తర్వాత ఇంధనం, ఇంజను సామర్థ్యం, భారత్ స్టేజ్ ప్రమాణం, ఈ మూడూ సరిపోయేదే ఎంచుకోండి. పెట్రోలు బండి కన్వర్టర్ డీజిలుకు పనికిరాదు. డీజిలు పొగలో ఆక్సిజన్ ఎక్కువ కనుక నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టడానికి వేరే ఏర్పాటు కావాలి.

చవకని ఖాళీ గొట్టం బిగిస్తే బండి నడుస్తుంది. కాని ఆ మిగిలిన డబ్బుకు మూల్యం చెల్లించేది రోడ్డు పక్క నిలబడ్డ మీ ఊపిరితిత్తులే!