తూటా ఎందుకు అడ్డం పడుతుంది? .303 రైఫిల్ ఉదాహరణ

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేస్తూ చదువుకుంటున్న వారికి 'ఫీడింగ్' అనే మాట కొత్త కాదు. సీసాలు వరుసగా అందకపోతే ప్యాకింగ్ లైను ఆగిపోతుంది. వెంటనే యంత్రాన్ని అనుమానిస్తాం. సీసాలు పేర్చిన తీరును చివరికి గాని చూడం. పాత సైనిక రైఫిల్‌లోనూ ఇదే జరుగుతుంది.

మన పోలీసులు, ఎన్.సి.సి. క్యాడెట్లు దశాబ్దాలపాటు వాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌ను తీసుకోండి. దాని మ్యాగజైన్‌లో 10 తూటాలు పడతాయి. అడుగునున్న స్ప్రింగ్ వాటిని పైకి నెడుతుంది. బోల్ట్ పై తూటాను ఛాంబర్‌లోకి తోస్తుంది. ఈ తూటా మొదట్లో చుట్టూ పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనుక పడిందా, కింది అంచుకు తగులుకొని కదలదు. దీనినే 'రిమ్ లాక్' అంటారు. ఇక్కడ ఏ భాగమూ చెడిపోలేదు; నింపడంలోనే పొరపాటు.

సరిగా నింపినా అడ్డం పడుతుంటే? మ్యాగజైన్ ఒక్కటే మార్చి చూస్తారు. లోపం పోతే పాత మ్యాగజైన్ స్ప్రింగో, వంగిన పెదవులో కారణం. పోకపోతే ఛాంబర్‌లోని మురికిని చూడాలి. రెండూ ఒకేసారి మారిస్తే కారణం ఎప్పటికీ తేలదు.

ఇదంతా ఆర్మరర్ చేసే పని. ఫైరింగ్ రేంజిలో తూటా ఇరుక్కుంటే క్యాడెట్ బోల్ట్‌ను బలవంతంగా తోయకూడదు. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, ట్రిగ్గర్ మీది వేలు తీసి, శిక్షకుణ్ణి పిలవాలి.

1962 యుద్ధం తరువాత పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఇదే నమూనాను 7.62 మి.మీ. తూటాకు అనువుగా మార్చింది. ఆ తూటాకు పొడుచుకొచ్చిన అంచు లేదు. అందువల్ల రిమ్ లాక్ కూడా లేదు.