దోసకాయ చలువ – నిండుకుండ నిబ్బరము

ఆంగ్లమున ‘కూల్ యాజ్ ఎ కుకుంబర్’ అను నుడికారము కలదు. ‘దోసకాయవలె చల్లగా’ అని దానికి మాటకు మాట అర్థము. ఎట్టి ఆపదలోను కలవరపడని వానినిగూర్చి ఆంగ్లేయులు దీనిని వాడుదురు.

పోలికకు దోసకాయయే ఏల? వరంగల్లునుండి ఖమ్మము పోవు దారిలో, వర్ధన్నపేటలో, మండువేసవిని కీరదోస ముక్క నోట వేసికొన్నవారికి ఈ ప్రశ్న అక్కరలేదు. ఆ కాయలో నూటికి 95 పాళ్లు నీరే. నీరు మెల్లగా వేడెక్కును. కోసిన ముక్కపై తడి ఆవిరియగుచు మరికొంత చలువ నిచ్చును. కూజాలో నీరు చల్లబడుటకును ఇదియే కారణము. విశేషమేమనగా, ఈ తీగకు పుట్టినిల్లు మన దేశమే.

1615లో ముద్రితమైన బోమాంట్, ఫ్లెచర్ల నాటకము ‘క్యూపిడ్స్ రివెంజ్’లో ఈ పోలిక వలపెరుగని కన్యలకు వచ్చినది. 1732 నాటి జాన్ గే గీతములో మాట నేటి రూపము దాల్చెను. కాని అచ్చటను భావము ప్రేయసి తప్ప తక్కిన స్త్రీలయెడ ఉదాసీనతయే. ఆపదలో నిబ్బరమను మెచ్చుకోలు పిమ్మట కలిగినది.

దీనిని తెలుగు చేయునపుడు కొందరు ‘నిమ్మకు నీరెత్తినట్లు’ అందురు. అచ్చట చిక్కు కలదు. ఇంట బిడ్డకు జ్వరము హెచ్చినది. ఒకరు కంగారుపడక తడిగుడ్డ వేయుచు వైద్యునికి కబురంపిరి. మరియొకరు తమకేమియు పట్టనట్లు వీధియరుగుపై కూర్చుండిరి. పైకి ఇరువురును నెమ్మదిగానే యున్నారు. కాని నిమ్మకు నీరెత్తినట్లున్నవారు రెండవవారే. ఆ మాటలో నింద కలదు. మొదటివారికి దానిని అంటగట్టినచో, ఆదుకొన్నవారిని నిర్లక్ష్యపరులని దూషించినట్లగును.

మొదటివారికి తగిన మాట మనకు లేకపోలేదు. నిండుకుండ తొణకదందుము, ధీరుని తొణకడు, బెణకడందుము. వెలితికుండలో నీటికి కదలుటకు చోటుండును. నిండినదానిలో ఆ చోటు లేదు. దోసకాయ చలువ పుట్టుకతో వచ్చినది. కుండ నిండుట ఒకరు నింపినందువలన. అందుచేత ఈ తెలుగు పోలికలో నిబ్బరము నేర్చుకొనదగిన గుణమను సూచన యున్నది. ఆంగ్లపు మాటను తెలుగు చేయువారు ముందుగా అది మెప్పో, నిందయో విచారించి, పిదప మాట నెన్నుకొనుట మేలు.