నిమిషం పందేనికి నాలుగు చక్రాలు

పెద్ద పార్కింగ్ స్థలం. అటూ ఇటూ నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు. వాటి మధ్య వంకరలు తిరుగుతూ, టైర్లు కీచుమంటూ ఒక చిన్న కారు. ఒక్క నిమిషం... అంతే! పరుగు అయిపోయింది. బోర్డు మీద టైమ్ పడింది. డ్రైవర్ మొహం వెలిగింది. అంతలోనే కోన్లు చూసే వలంటీరు వైర్‌లెస్‌లో చెప్పాడు, 'ఒక కోన్ పడింది' అని. రెండు సెకన్లు కలిపేశారు. వెలిగిన మొహం అక్కడే ఆరిపోయింది.

ఇదే ఆటోక్రాస్. అమెరికాలో ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక ఊళ్లో, పాత ఎయిర్‌పోర్టు రన్‌వే మీదో స్టేడియం పార్కింగ్‌లోనో ఈ సందడి ఉంటుంది. ఒక్కోసారి ఒక్క కారే పరుగెడుతుంది కాబట్టి పక్కవాణ్ని గుద్దే భయం లేదు. వేగం కూడా హైవే మీద వెళ్లేదానికంటే ఎక్కువేం కాదు. రోజూ ఆఫీసుకెళ్లే కారుతోనే పాల్గొనొచ్చు. 1944లో పుట్టిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలకు నిబంధనలు రాస్తుంది. నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లో 2009 నుంచి జరుగుతున్న జాతీయ పోటీలకు వెయ్యిమందికి పైగా వస్తారు. రెండు రోజులు, రెండు వేర్వేరు దారులు, ఒక్కోదాంట్లో మూడేసి పరుగులు. గెలుపోటముల మధ్య తేడా చాలాసార్లు సెకనులో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది.

మరి ఆ వెయ్యో వంతులు ఎక్కడి నుంచి వస్తాయి? డ్రైవర్ నైపుణ్యం సంగతి పక్కన పెడితే మొదటి సమాధానం ఇంజిన్ కాదు, టైర్లే. కారుకూ నేలకూ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు. మలుపు తిరిగినా, బ్రేకు వేసినా, ముందుకు దూకినా భారమంతా దానిమీదే. అందుకే కొత్తగా ఈ ఆటలోకి వచ్చినవాడు ముందుగా పెట్టే ఖర్చు చక్రాలూ టైర్ల మీదే. తొందరపడి చేతులు కాల్చుకునేదీ అక్కడే!

ఒకటిన్నర అంగుళం తెచ్చే తంటా

ఉదాహరణకు మియాటాను తీసుకుందాం. మాజ్డా కంపెనీ 1989లో షికాగో ఆటోషోలో చూపించిన రెండు సీట్ల బుల్లి కారు ఇది. చాలా దేశాల్లో ఎంఎక్స్-5 అంటారు. టన్ను కూడా తూగదు. ఇంజిన్ ముందు, తోలేది వెనక చక్రాలను. 2016కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి. పాతది చవకగా దొరుకుతుంది, కోన్ల మధ్య చేపపిల్లలా తిరుగుతుంది. ఆటోక్రాస్ మైదానాల్లో ఏ మూల చూసినా ఇవే కనిపించడానికి కారణం అదే.

మొదటి తరం మియాటాకు ఫ్యాక్టరీ ఇచ్చిన చక్రం వ్యాసం 14 అంగుళాలు, వెడల్పు ఐదున్నర. టైరు 185/60 ఆర్14. కొన్నవాడికి అది చూడగానే ఉసూరుమంటుంది. వెంటనే ఏడు అంగుళాల వెడల్పు, 15 అంగుళాల వ్యాసం ఉన్న తళతళలాడే అల్లాయ్ చక్రాలు వేయించేస్తాడు. పోటీ రోజు తనిఖీ దగ్గరికెళ్తే... 'మీ కారు ఈ తరగతిలో కుదరదు' అంటారు.

ఎందుకంటే ఆటోక్రాస్‌లో కార్లను తరగతులుగా విడదీస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాల్సిన కార్లకు 'స్ట్రీట్' విభాగం. 2014లో పాత 'స్టాక్' విభాగం స్థానంలో వచ్చింది. అందులో చక్రం వ్యాసాన్ని ఒక అంగుళం పెంచొచ్చు, తగ్గించొచ్చు. వెడల్పు మాత్రం ఫ్యాక్టరీ ఇచ్చిందే ఉండాలి. ఐదున్నర ఉన్నచోట ఏడు వేస్తే కారు పైవిభాగంలోకి పోతుంది. అక్కడేమో స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఇంకా బోలెడు మార్చుకొని తయారుగా కూర్చున్నవాళ్లుంటారు. కేవలం చక్రాలు మార్చుకున్నవాడు వాళ్ల ముందు తేలిపోతాడు. ఒకటిన్నర అంగుళం మోజు సీజన్ మొత్తాన్ని మింగేసిందన్నమాట!

పోనీ పాత వెడల్పుకే కట్టుబడితే? అదీ అంత సుఖం కాదు. గట్టి పట్టున్న టైర్లు 14 అంగుళాల్లో వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా దొరకవు. 15 అంగుళాల్లో బాగానే దొరుకుతాయి. కానీ ఐదున్నర వెడల్పున్న 15 అంగుళాల తేలికపాటి చక్రం కోసం వెతకాలంటే ఓపిక ఉండాలి. కాబట్టి అనుభవజ్ఞులు చక్రాల క్యాటలాగు కంటే ముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం తెరుస్తారు. అవి ఏటా ఎంతో కొంత మారుతుంటాయి కూడా.

అంకెల్లో ఉంది అసలు సంగతి

టైరు పక్కన రాసి ఉండే అంకెలను చదవడం పెద్ద విద్యేం కాదు. 205/50 ఆర్15 అంటే వెడల్పు 205 మి.మీ. పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, అంటే 102.5 మి.మీ. చక్రం 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. కింద పైన గోడలు కలిపితే టైరు మొత్తం ఎత్తు 586 మి.మీ. మియాటా పాత టైరుకు ఇదే లెక్క వేస్తే 578 వస్తుంది. తేడా ఒకటిన్నర శాతం లోపే కాబట్టి ఫర్వాలేదు.

అదే కుర్రకారు ముచ్చటపడే 17 అంగుళాల చక్రానికి 205/45 టైరు వేస్తే? ఎత్తు 616 మి.మీ. అయి కూర్చుంటుంది. కారు దాదాపు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. గేర్లన్నీ ఆరేడు శాతం 'పొడవు' అయిపోతాయి. చిన్న ఇంజిన్ మలుపులోంచి బయటికి లాగలేక ఆయాసపడుతుంది. పైగా బరువు. కారు సీటులో పెట్టిన కిలోకూ, చక్రం అంచున పెట్టిన కిలోకూ చాలా తేడా ఉంది. అంచున ఉన్నదాన్ని కారుతోపాటు ముందుకు తోయాలి, గుండ్రంగానూ తిప్పాలి. అంటే వేగం అందుకునేటప్పుడు అది రెండు కిలోల పెట్టు! చూడటానికి ఎలా ఉన్నా కోన్ల మధ్య ఆ 17 అంగుళాల చక్రం మాత్రం కాకి ముక్కుకు దొండపండే.

వెడల్పు చక్రాలు అనుమతించే తరగతుల్లో మియాటా వాళ్లకు ఇష్టమైనది తొమ్మిది అంగుళాల వెడల్పు, 15 అంగుళాల వ్యాసం, మీద 225/45 టైరు. ఇక్కడ 'ఆఫ్‌సెట్' అనే మరో అంకె అడ్డొస్తుంది. చక్రం వెడల్పులో సరిగ్గా మధ్యగీతకూ, బోల్టులతో హబ్‌కు ఆనుకునే భాగానికీ మధ్య దూరమది. ఫ్యాక్టరీ చక్రానికి 45 మి.మీ. ఈ వెడల్పుదానికి సాధారణంగా 36. లెక్క కడితే పాతదానికంటే లోపలివైపు 35, బయటివైపు 53 మి.మీ. ఎక్కువ చోటు కావాలి. ఫెండర్ అంచును లోపలికి మడిచి వత్తితే తప్ప కుదరదు. ఆ పని చేయించకుండా తొలి మలుపు తిరిగారో... కొత్త టైరును ఫెండర్ కత్తిలా కోసేస్తుంది.

బోల్టుల అమరిక కూడా చూడాలి. మొదటి రెండు తరాల మియాటాకు నాలుగు బోల్టులు, వాటి వలయం 100 మి.మీ. మన దగ్గర స్విఫ్ట్, ఐ20, హోండా సిటీ లాంటి కార్లలో ఎన్నో మోడళ్లకూ ఇదే కొలత. 2005లో వచ్చిన మూడో తరానికి మాత్రం అయిదు బోల్టులు, 114.3 మి.మీ. నాలుగో తరంలో మళ్లీ నాలుగుకే వచ్చారు. బోల్టులు కలిస్తే చాలదు, నడిమి రంధ్రం కూడా హబ్‌కు సరిపోవాలి. నాలుగు బోల్టుల మియాటా హబ్ 54.1 మి.మీ. రంధ్రం అంతకంటే పెద్దదైతే మధ్యలో ఒక రింగు వేయాలి. లేకపోతే చక్రం సరిగ్గా మధ్యన కూర్చోక స్టీరింగ్ వణుకుతుంది.

ఇక చక్రం గట్టిదనం. కరిగించిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసేవి చవక. అలా పోశాక అంచును తిప్పుతూ రోలర్లతో సాగదీసేవి ఇంకాస్త తేలిక, గట్టి. జపాన్ సంస్థ ఎన్‌కీ చేసే ఆర్‌పీఎఫ్1 ఈ ఆటలో బాగా పేరున్న తేలిక చక్రం. లోహాన్ని ఒత్తిడితో మలిచే ఫోర్జ్‌డ్ చక్రాల ధర వింటే గుండె గుభేలుమంటుంది. మధ్యతరగతివాడికి రెండో రకం చాలు. ఏదైనా లోపలివైపు 'జేడబ్ల్యూఎల్' ముద్ర ఉందో లేదో చూసుకుంటే మంచిది. జపాన్ ప్రమాణాల గుర్తు అది. పేరున్న డిజైన్లకు చవక నకళ్లు కోకొల్లలు. మలుపులో చక్రం విరిగితే మిగిల్చిన డబ్బు ఎందుకూ పనికిరాదు.

టైరంటే కరిగే కొవ్వొత్తి

వీధి టైర్ల తరగతుల్లో ఒక నిబంధన ఉంది. 'ట్రెడ్‌వేర్' అంకె కనీసం 200 ఉండాలి. ఎంత త్వరగా అరుగుతుందో చెప్పే అంకె అది. టెక్సాస్ రోడ్ల మీద సుమారు 11,600 కిలోమీటర్లు నడిపి, 100 అంకె ఇచ్చిన ప్రామాణిక టైరుతో పోలుస్తారు. దానికి రెట్టింపు మన్నితే 200. కుటుంబాల కార్లకు వేసే టైర్లకు 500, 600 కూడా ఉంటుంది. అయితే చిన్న తిరకాసు... ఆ అంకె వేసుకునేది తయారీదారే! అందుకే 200 అని రాసి ఉన్న రెండు టైర్లు ఒకేలా ఉండవు. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యొకొహామా ఏ052 రెండూ 200 అంకెవే. కానీ అవి నిమిషం పరుగులో పట్టుకోసం పుట్టినవి, కొవ్వొత్తుల్లా కరిగిపోతాయి. హంకూక్ ఆర్‌ఎస్4 అంకె కూడా అంతే. పట్టు ఒక పిసరు తక్కువైనా చాలా ఎక్కువకాలం మన్నుతుంది. తొలి సీజన్‌లో ఉన్నవాడికి అదే నయం. రోజంతా కలిపి నాలుగైదు పరుగులే దొరికే ఆటలో కొత్తవాడు నేర్చుకోవాల్సింది దారి, టైరు పరిమితి. ఖరీదైన టైరు తప్పుల్ని దాచేస్తుంది.

ఎండాకాలంలో ఇంకో చిత్రం కనిపిస్తుంది. ఒకే కారును ఇద్దరు పంచుకుని తోలుతుంటే టైర్లకు చల్లారే వ్యవధి ఉండదు. మరీ వేడెక్కితే రబ్బరు జారుతుంది. అందుకే పరుగుకూ పరుగుకూ మధ్య తోటల్లో మందు కొట్టే పంపుతో టైర్లమీద నీళ్లు చల్లుతుంటారు. చలికాలంలో కథ తలకిందులు. ఈ మెత్తటి రబ్బరు గడ్డకట్టే చలిలో గట్టిపడి బీటలు వారగలదు కాబట్టి టైర్లను ఇంట్లోపలే దాచుకుంటారు.

గాలి ఎంత పెట్టాలో తేల్చడానికి ఖరీదైన పరికరమేం అక్కర్లేదు. టైరు అంచున సుద్దతో అడ్డంగా నాలుగు గీతలు గీస్తారు. పరుగు అయ్యాక చూస్తారు. పక్కగోడ మీది చిన్న త్రికోణం గుర్తు దాటి సుద్ద చెరిగిపోతే గాలి తక్కువైంది, టైరు మడత పడుతోందని అర్థం. గుర్తు దాకా కూడా చెరగకపోతే కాస్త తీసేయాలి.

పాత టైర్లు చవకగా వస్తున్నాయంటే పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చదవాల్సిందే. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు ఎండిన తోలులా గట్టిపడిపోతుంది.

సాయంత్రం మైదానం ఖాళీ అవుతుంటే కొందరు జాకీలెత్తి పోటీ చక్రాలు విప్పి, మామూలువి బిగించుకుంటుంటారు. మియాటా బోల్టులకు 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. అది తూచే టార్క్ రెంచ్ ఒక్కటి పదిమంది చేతులు మారుతుంది. కొత్తగా వేసిన అల్లాయ్ చక్రాలైతే కొన్ని పదుల కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఓసారి బిగించి చూడాలి. కాబట్టి ఇంటికెళ్లేదారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగిన చిన్న స్పోర్ట్స్ కారు పక్కన ఎవరైనా రెంచ్ పట్టుకుని వంగి కనిపిస్తే కారు చెడిపోయిందనుకోనక్కర్లేదు.