మీకు తెలుసా? మడత చాకును కాపాడే ఉంగరం

జేబులో పెట్టుకునే మడత చాకు కొనేటప్పుడు చాలామంది పదునే చూస్తారు. ముందు చూడాల్సింది తాళం. కోస్తుండగా బ్లేడు మడుచుకుపోతే తెగేది మన వేళ్లే!

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకుకు తాళం లేదు. 1955లో మార్సెల్ ఒపినెల్ పిడి మెడకు ఒక లోహపు ఉంగరం తొడిగాడు. ఉంగరానికి ఒకచోట చీలిక ఉంటుంది. ఆ చీలికలోంచి బ్లేడు పైకి వస్తుంది. తెరిచాక ఉంగరాన్ని బొటనవేలితో కాస్త తిప్పితే చీలిక పక్కకు జరుగుతుంది, బ్లేడు వెనక్కి మడుచుకోదు. ఇంత తేలికైన ఉపాయం ఇంకోటి నేను చూడలేదు. 2000 నుంచి మూసినప్పుడు కూడా తాళం పడుతోంది.

రోజువారీ పనికి ఒపినెల్ చాకుల్లో 8వ నంబరు సరిపోతుంది; బ్లేడు 8.5 సెంటీమీటర్లు. కార్బన్ స్టీల్‌ది సులువుగా పదునెక్కుతుంది గానీ, మామిడికాయ కోసి తుడవకపోతే నల్లటి మచ్చలు పడతాయి. ఉక్కపోసే మన కోస్తా ఊళ్లకు స్టెయిన్‌లెస్సే మేలు. బీచ్ చెట్టు కర్ర పిడి తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, నీళ్లలో నానబెట్టకండి.

విమానం ఎక్కేముందు జేబు తడుముకోండి. చాకును చెకిన్ సామానులోనే పెట్టాలి.